గుట్టకు పోయే ఒంపుల బాట

ఈ మధ్య ఒక సాయంత్రం, గుట్టకు పోయే బాట మీద నడుస్తుంటే ఒక అమ్మాయి ఎదురైంది. కొత్తగా ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిందట. నేను రోడ్డు పనులు చేయించిన పాతకాలపు ఓవర్సీరునని ఎవరో చెప్పగా ఆగి పలకరించింది. "ఇది ఎవరు వేశారు సార్? రెండు మైళ్ళ దూరానికి మూడు మైళ్ళు తిప్పారు. తిన్నగా వేసుండచ్చు కదా" అంది.

"నేనే వేసినానమ్మా. ముందు తిన్నగానే వేసినా" అన్నాను.

ఆమెకు బస్సు టైమైంది. మిగిలిన కథ చెప్పడానికి వీలు కాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదివినా, ఈ పనిలోకి వచ్చే మరొకరు చదివినా సంతోషమే. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎవరి దగ్గర ఆగిపోయిందో రాయబోవడం లేదు. అవి నాకే గుర్తు లేవు. మనుషులు గుర్తున్నారు.

గొలుసు పట్టుకున్న కొత్తలో

నేను ఓవర్సీరుగా చేరింది యాభైల నడుమ. మొదటి నాలుగేళ్ళు కుందుర్పి దిక్కున కరువు పనులు. వాన లేని ఏట రైతులూ కూలీలూ ఒకటిగా వచ్చి రోడ్డు పక్కన కూర్చుని కంకర కొట్టేవాళ్ళు. నా పని గొలుసుతో దూరాలు కొలవడం, గుర్తులు పెట్టడం, ఎవరి కుప్ప ఎంతైందో చూడడం.

అప్పటి మా పెద్ద ఓవర్సీరుకు తిన్నని రోడ్డంటే ప్రాణం. ఈ చివర నిలబడి ఆ చివర పాతిన జెండాను ఒక కన్ను మూసి చూసేవాడు. జెండాలన్నీ మొదటి జెండా వెనక దాక్కుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. "రోడ్డు అంటే ఇదప్పా! దారం లాగినట్ల ఉండల్ల" అనేవాడు. నేనూ ఆ కన్ను మూసే విద్య నేర్చుకున్నాను, తొందరగానే. చదునుగా పరుచుకున్న ఎర్రనేలల్లో దానితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నాకు అన్నీ తెలిసినట్టే అనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మొదటి ఉద్యోగంలో మెప్పు తెచ్చిన పద్ధతిని రెండో ఉద్యోగంలో కొంచెం అనుమానంగా చూడండి. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

షికారు బాట

అరవైల మొదట్లో నన్ను ముదిగుబ్బకు కొంత దూరాన ఉన్న ఒక పంచాయతీ సమితికి మార్చారు. ఊరి పేరు రాయను. ఆ దిక్కు వాళ్ళకు చదువుతుండగానే తెలిసిపోతుంది. ఒక బజారు, వేరుశనగ మండీలు, హైస్కూలు, చిన్న ఆసుపత్రి. దక్షిణాన రెండు మైళ్ళ దూరంలో ఒక గుట్ట. దాని వెనక ఒక చిన్న పల్లె. ఊరికీ గుట్టకూ మధ్య రాళ్ళూ, తంగేడు పొదలూ, వాటి నడుమ మెలికలు తిరుగుతూ ఒక ఎండిపోయిన వంక, చిన్న వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు.

నేను చేరిన కొన్నాళ్ళకే సమితి పనులన్నీ చూసే అధికారిగా కొత్త బి.డి.ఓ. వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి. జీపు ఉన్నా సైకిలు మీదే తిరిగేవారు. సాయంత్రం పూట నడక లేకపోతే ఆయనకు అన్నం సయించదు. మా ఊళ్ళో నడుద్దామంటే బజారులో ఎద్దుల బండ్లు, బజారు దాటితే ముళ్ళు. ఒకరోజు నన్ను పిలిచి అన్నారు:

"ఏవండీ, ఈ ఊళ్ళో సాయంత్రం మనుషులు ఏం చేస్తారు?"

"ఏమీ చేయరండి. అరుగుల మీద కూర్చుంటారు."

"పిల్లలు?"

"వాళ్ళూ అక్కడే ఉంటారండి."

"ఎలాగూ కరువు పని పెట్టాలి కదా. కంకర కొట్టించి కుప్పలు పోయించే బదులు ఆ గుట్ట దాకా ఒక మంచి బాట వేద్దాం. నడవడానికి, సైకిలు తొక్కడానికి. బండ్లు రాకూడదు. ఊరికే పోయి గాలి పీల్చుకుని రావడానికి."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. తాగేనీళ్ళకు మైలు దూరం పోయే ఊరికి షికారు బాట! సమితి మీటింగులో ఆ నవ్వు ఎవరూ ఆపుకోలేదు. "షికారా? మా ఊర్లో కాళ్ళు నొప్పులు లేనోడు ఎవుడుండాడు సామీ, ఇంగా నడిచేకి?" అన్నాడు ఒక సభ్యుడు. అయినా కూలీలకు పని దొరుకుతుందని చివరికి అందరూ ఒప్పుకున్నారు. ఊరి జనం మాత్రం పని మొదలైన రోజే దానికి షికారు బాట అని ఎగతాళి పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ అది దండగ పని అనే అనిపించింది. దండగ పని అనుకుని చేసేవాడు ఎట్లా చేస్తాడో అట్లాగే చేశాను. తొందరగా ముగించి చేతులు దులుపుకుందామని చూశాను. తర్వాత జరిగినదానికి మూలం అదే.

ఓబులప్ప చెప్పింది, నేను విననిది

జెండాలు పాతి, ఒక కన్ను మూసి చూశాను. ఊరి చివరి నుంచి గుట్ట మొదటికి తిన్నగా గీస్తే, ఆ గీత మూడు ఫర్లాంగుల మేర వంకలోనే పోతుంది. నాకు అది వరంలా తోచింది. వంకలో రాళ్ళు తీసే పని లేదు, పొదలు కొట్టే పని లేదు. ఇసుక మీద గరుసు మట్టి పోసి కొడితే సైకిలు జారిపోయేంత నునుపు.

పనిలో అరవైమంది దాకా ఉండేవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద హనుమక్క. నలభై ఏళ్ళుంటాయి. గట్టి గొంతు. మట్టి తట్ట ఎత్తుకుంటే మగవాళ్ళకంటే ముందు నడిచేది. ఆ అరవైమందీ నా మాటకంటే ఆమె మాటకే త్వరగా కదిలేవాళ్ళు.

గుర్తులు పెట్టిన రెండో రోజు ఓబులప్ప వచ్చాడు. గుట్ట వెనక పల్లెవాడు. గొర్రెలు మేపుతాడు. భుజాన గొంగడి, చేతిలో చెట్ల కొమ్మలు వంచి గొర్రెలకు అందించే కొక్కెం కర్ర. చాలాసేపు నన్నే చూస్తూ నిలబడి చివరికి అడిగాడు.

"ఏమి సామీ, వంకలో బాట ఏస్తాండారా?"

"అవునప్పా."

"వద్దు సామీ. నీళ్ళొస్తాయి."

"యాడ నీళ్ళు? మూడేండ్లుగా చుక్క పారలేదంట కదా."

"ఈ వంకకు ఈడ వాన పడే పని లేదు సామీ. పైన కదిరి దిక్కున పడితే సాలు. ఈడ ఎండ కాస్తానే ఉంటాది, నీళ్ళు వచ్చి పడతాయి. మా నాయన కాలంలో ఇరవై గొర్లు ఒగ్గేసారి పోయినాయి."

"మరి బాట యాడ ఏయమంటావు?"

"నా ఎనక రాండి, సూపిస్తా."

నేను పోలేదు. ఎండగా ఉంది. పైగా గొర్రెలు కాచుకునే మనిషి వెనక గొలుసు పట్టుకుని తిరగడం నాకు చిన్నతనంగా తోచింది. "చూద్దాంలేప్పా" అన్నాను. ఆయన గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు.

జనం నడిచారు

ఎండాకాలం ముగిసేలోపు బాట పూర్తయింది. మొదటి నెల బి.డి.ఓ. గారు తప్ప ఎవరూ నడవలేదు. తర్వాత నంజుండయ్య శెట్టి మొదలుపెట్టాడు. బజారులో బట్టల అంగడి ఆయనది. భారీ మనిషి, ఆయాసం. రోజూ నడవకపోతే గుండెకు మంచిది కాదని అనంతపురంలో డాక్టరు గట్టిగా చెప్పాడట. తెల్లటి పంచె, కండువా, గొడుగుతో ఆయన బయలుదేరితే బజారంతా చూసేది. "శెట్టీ, బండి ఇరిగిందా ఏమి, నడ్సి పోతాండావు?" అని అడిగేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నెలరోజులకు ఆ అడిగినవాళ్ళలోనే ఇద్దరు ఆయన వెంట నడవసాగారు. ఆ తర్వాత హైస్కూలు మాస్టర్లు, వాళ్ళ వెంట పిల్లలు. అద్దె సైకిళ్ళ అంగడి ఒకటి బాట మొదట్లో వెలిసింది.

మేము ఎవ్వరమూ అనుకోని మనిషి ఒకరు ఆ బాటను అందరికంటే ఎక్కువ వాడుకున్నారు. మా ఆసుపత్రి నర్సు సుగుణమ్మ. బత్తలపల్లె దిక్కు క్రైస్తవ కుటుంబం. అమ్మానాన్నలు కూలీనాలీ చేసి చదివించారు. ఆడవాళ్ళు సైకిలు తొక్కితే జనం గుంపుగా చూసే కాలంలో ఆమె చీరకొంగు నడుముకు దోపి, వెనక క్యారియరుకు కాన్పుల పెట్టె కట్టుకుని తొక్కేది. గుట్ట వెనక పల్లెకు అంతకుముందు బండిదారిన చుట్టి పోవాలంటే సగం పూట పట్టేది. షికారు బాట వచ్చాక ముప్పావుగంట. నేను దండగ అనుకున్న బాట మీద ఒక మనిషి ప్రాణాలు నిలపడానికి పోతోందని నాకు తెలుసు. చూసి గర్వపడేవాణ్ణి కూడా. ఓబులప్ప మాట మాత్రం గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం

వానాకాలం వచ్చింది కానీ మాకు వాన రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటింది. వంక ఒడ్డు కొంత విరిగిపోయి ఉంటే దాన్ని సరిచేయించడానికి హనుమక్కనూ మరో నలుగురు ఆడవాళ్ళనూ వెంటపెట్టుకుని పోయాను. మా మీద ఎండ చిటచిటలాడుతోంది. కదిరి దిక్కున మాత్రం ఆకాశం నల్లగా ఉంది.

సుగుణమ్మ పల్లెలో కాన్పు చేసి తిరిగి వస్తోంది. వంకలో నడిమికి వచ్చేసరికి సైకిలు చక్రం ఇసుకలో దిగబడింది. దిగి తోస్తోంది. మేమున్న ఊరి వైపు ఒడ్డునే నంజుండయ్య శెట్టి, ఆ రోజెందుకో తొందరగా బయలుదేరినవాడు, గొడుగు ఆనించుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు.

అప్పుడు మా ఒడ్డునే పైన గొర్రెలు మేపుతున్న ఓబులప్ప అరుపు వినిపించింది. "నీళ్ళు! నీళ్ళొస్తాండాయి! పైకి రామ్మా!"

నాకు ముందు చప్పుడే తెలిసింది, ఎక్కడో దూరంగా బండ్లు పోతున్నట్టు. చూస్తుండగానే వంక మలుపులోంచి నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, చెత్తా కొమ్మలూ తోసుకుంటూ, ముందు మోకాళ్ళ ఎత్తు. సుగుణమ్మ పరిగెత్తి ఉంటే తప్పించుకునేదేమో. ఆమె వెనక్కి తిరిగి క్యారియరు మీది పెట్టె తాడు విప్పబోయింది. ఆ క్షణంలో నడుము దాకా వచ్చాయి. సైకిలు పోయింది. పెట్టె పోయింది. ఆమె కొంత దూరం కొట్టుకుపోయి ఒడ్డున బయటికి వచ్చిన ఒక తుమ్మవేరు పట్టుకుంది.

ఓబులప్ప పరిగెత్తుకొచ్చి బోర్లా పడుకుని కొక్కెం కర్ర చాచాడు. బారెడు తక్కువైంది. ఎవరూ చెప్పకుండానే శెట్టి తన పంచె ఊడదీసి ఇచ్చాడు. బజారులో కండువా జారితేనే సర్దుకునే మనిషి. పంచె ఒక కొసను కర్రకు ముడివేసి, రెండో కొస నీళ్ళలోకి విసిరారు. సుగుణమ్మ ఒక చేత్తో అందుకుని మణికట్టుకు చుట్టుకుంది.

నేనేం చేశానో కూడా రాయాలి. ఏమీ చేయలేదు. టేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. 

"చూస్తాండారేమి సామీ! పట్టుకోండి!" అని హనుమక్క అరిచింది. అప్పటికే ఆమె, ఆడవాళ్ళు ఓబులప్ప కాళ్ళూ కర్రా పట్టుకుని లాగుతున్నారు. ఆ అరుపుకు నాలో కదలిక వచ్చింది. నేనూ పట్టుకున్నాను. అందరం కలిసి ఆమెను పైకి లాగాం. ఆమె కుడిచేయి విరిగి వేలాడుతోంది. నోట్లోకి పోయిన బురదనీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి అన్న మొదటిమాట: "పెట్టె యాడ?"

గంట గడవకముందే నీళ్ళు తగ్గాయి. నేను వేసిన మూడు ఫర్లాంగుల బాట లేదు. అక్కడ బాట ఉండేదని చెప్పడానికి కూడా ఏమీ మిగలలేదు.

చెప్పిన అబద్ధం, చెప్పిన నిజం

ఆ సాయంత్రమే బి.డి.ఓ. గారు ఆఫీసుకు పిలిపించారు. "వంకకు వరద వస్తుందని ముందుగా ఎవరైనా చెప్పారా మీకు?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

అంత తేలిగ్గా నోటికి వచ్చింది. ఆయన నమ్మారు. ఇంటికి పోయాను. ఓబులప్ప వచ్చి అడగడని నాకు తెలుసు. అడిగినా, గొర్రెల కాపరి మాట మీద ఓవర్సీరును ఎవరూ నిలదీయరనీ తెలుసు. నాకు బరువనిపించింది అదే. నేను తప్పించుకోగలను.

తెల్లారి బి.డి.ఓ. గారింటికి పోయాను. వాకిట్లో సైకిలు తలకిందులుగా పెట్టి చైనుకు నూనె వేస్తున్నారు. ఓబులప్ప చెప్పిందంతా, నేను వెంట పోకపోవడం, నిన్న అబద్ధం చెప్పడం, మొత్తం చెప్పాను. ఆయన పెడలు తిప్పడం ఆపారు.

"నిన్ననే చెప్పుంటే కోప్పడేవాణ్ణి. ఇవాళ ఏం చెయ్యాలో తోచటం లేదు" అన్నారు. తర్వాత చేతులు తుడుచుకుని, "గీత మీరు గీశారు. నడిచి చూడకుండా సంతకం పెట్టింది నేను. మీటింగులో మీ మాట మీరు చెప్పండి, నా మాట నేను చెబుతాను" అన్నారు.

పై అధికారులు నాకు చాలామంది వచ్చారు. తప్పు జరిగినప్పుడు తన వాటా తానే లెక్కించుకుని ముందు పెట్టినవాడు ఆయనొక్కడే. ఆయనకు నేను ఎంత రుణపడ్డానో అప్పట్లో చెప్పడం చేతకాలేదు.

మీటింగులో నేను నిలబడి చెప్పాను. కొందరు తిట్టారు. తిట్టాల్సిందే. ఒక పెద్దాయన లేచి, "షికారు, షికారు అంటిరి. ఒక ఆడకూతురు సచ్చేదానికి వచ్చె. ఇంగ ఆ బాట మాటే వద్దు. మూసేయండి" అన్నాడు. నలుగురు తలలు ఊపారు. బాట అక్కడితో ముగిసేదే.

అప్పుడు సుగుణమ్మ లోపలికి వచ్చింది. చేతికి కట్టు, మెడలోంచి గుడ్డ. ఎవరూ పిలవలేదు. తలుపు దగ్గరే నిలబడి మాట్లాడింది.

"నీళ్ళలో పడింది నేను. నన్నొక మాట అడగరా సామీ?"

తలలు ఊపినవాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఆమే అందుకుంది.

"ఆ దినం నేను పల్లెకు పోయేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉండాది. బండిదారిన పోయి ఉంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఇప్పుడు ఇద్దరూ బాగుండారు, పోయి చూడండి. ఓవర్సీరు సారు తప్పు చేసినాడు. కాదనను. నాకు శానా కోపం ఉండాది ఆయన మీద. కానీ బాట మూసేస్తే ఇంగ నేను ఆ పల్లెకు యాడ పోయేది? వంకలోంచి తీసి పైకి పెట్టండి. మూసేది మాత్రం వద్దు."

నంజుండయ్య శెట్టి వెనకనుంచి, "నేనూ నడవల్ల సామీ. డాక్టరు చెప్పినాడు" అన్నాడు. ఆయన పంచె కథ అప్పటికే ఊరంతా తెలుసు. ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, శెట్టి కూడా. ఆ నవ్వులో పెద్దాయన పట్టు సడలింది. బాటను మార్చి వేయాలనీ, ఈసారి ఓబులప్ప చూపించే చోటే వేయాలనీ తీర్మానమైంది.

గొర్రెల వెనక మూడు రోజులు

ఓబులప్ప దగ్గరికి నేనే పల్లెకు పోయాను. "ఆ రోజు నీ వెనక రాలేదు. ఇప్పుడొస్తా" అన్నాను. "రాండి. కాకపోతే గొర్లతోనే పోవల్ల, నాకు వేరే తీరిక లేదు" అన్నాడు. ముందే చెప్పినా కదా అన్న మాట ఆయన నోట రాలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా.

మూడు రోజులు ఆయన వెనక తిరిగాను. గొలుసు, జెండాలు ఇంట్లోనే వదిలేశాను. గుట్ట దిక్కుకు గొర్రెలు ఎట్లా ఎక్కుతాయో చూపించాడు. "చూడండి సామీ, ఒగటన్నా తిన్నగా ఎక్కుతాండాదా? చూలు గొర్రె ముందర ఉంటే మంద అంతా దాని లెక్కనే పోతాది. దానికి ఆయాసం రాని కాడనే అడుగేస్తాది." నేను తర్వాత కొలిచి చూశాను. ఆ గొర్రెల జాడ మీద వాలు ఎక్కడా సైకిలు దిగి తోయాల్సినంత లేదు. మాకు పుస్తకాల్లో లెక్క కట్టి నేర్పిన వాలును ఆ గొర్రెలు ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి.

వంకను ఎక్కడ దాటాలో కూడా చూపించాడు. ఒకేచోట, పెద్ద బండ పరుచుకున్న దగ్గర, వంక వెడల్పై నీళ్ళు పలచబడే తావు. రెండు ఒడ్లూ తక్కువ ఎత్తు. వచ్చే నీళ్ళు ఆ చోటి నుంచి చాలా దూరం దాకా కనబడతాయి. మిగతా బాటంతా వంకకు పైన, గట్టు నేల మీదే.

ఆయన పేరు పనిలో రాసుకుని కూలీ ఇస్తామంటే వద్దన్నాడు. ఒకటే అడిగాడు. "నా గొర్లు అడ్డమొస్తే సైకిలోళ్ళు ఆగల్ల." ఒప్పుకున్నాం. ఈ రోజుకూ ఆ బాట మీద గొర్రెలు వస్తే సైకిళ్ళు ఆగుతాయి. ఆ నియమం ఎక్కడా రాసి లేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళతో ఈ మూడు రోజుల గురించే చెప్పాలని నాకు ఎప్పుడూ ఉండేది. ఒక చోట బాట వేయమంటే, అక్కడ ఇప్పటికే రోజూ నడుస్తున్నవాళ్ళు ఎవరో వెతకండి. కట్టెలకు పోయేవాళ్ళు, నీళ్ళకు పోయేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు. వాళ్ళ వెనక నడవండి. చిన్నతనంగా ఉంటుంది. ఆ చిన్నతనం ఒక్కపూటలో పోతుంది. నాలా పోనివ్వకపోతే ఏమవుతుందో పైన రాశాను.

రెండోసారి

రెండోసారి బాట వేయడానికి ఎక్కువ కాలం పట్టింది. రాళ్ళు తవ్వాల్సి వచ్చింది, పల్లపు వైపు రాతికట్టు కట్టాల్సి వచ్చింది. ఆడవాళ్ళ అరచేతులు పగిలాయి. ఎక్కడైనా నేను కొంచెం దగ్గరిదారి చూడబోతే హనుమక్క తట్ట దించి, "ఓబులన్న చూపించింది ఇట్ల కాదే సామీ" అనేది. ఆమెకు ప్రతి ఒంపూ గుర్తే. బి.డి.ఓ. గారు వారానికి రెండుసార్లు వచ్చి చివరిదాకా నడిచి చూసేవారు.

సుగుణమ్మ చేయి అతుక్కునే వేళకు శెట్టి అనంతపురం నుంచి ఒక ఆడవాళ్ళ సైకిలు బస్సు మీద వేయించి తెచ్చాడు. కొత్త బాట మీద మొదట తొక్కింది ఆమే. గుట్ట మొదట్లో నేను నిలబడి ఉన్నాను. ఆమె నా దగ్గర ఆగి, "ఇప్పుడు బాగుండాది సార్" అంది. అప్పటికి ఆమె నాతో మాట్లాడటం మానేసి ఆరునెలలైంది. నేను ఏదో చెప్పబోతే ఆగకుండా పెడలు తొక్కి వెళ్ళిపోయింది. పల్లెలో ఎవరికో నొప్పులు మొదలయ్యాయట.

మరుసటి ఏడాది వానాకాలంలో వంక రెండుసార్లు పారింది. రెండుసార్లూ బాట నిలిచింది.

ఒక ఆదివారం

పని ముగిసి కూలీలు ఎవరి దారిన వాళ్ళు పోయిన రెండు వారాలకు, ఒక ఆదివారం సాయంత్రం నేను గుట్ట దిక్కుకు నడుస్తున్నాను. ముందు కొంతమంది ఆడవాళ్ళు కనిపించారు. దగ్గరికి పోతే హనుమక్క, ఆమెతో పాటు మట్టి మోసిన ఏడెనిమిదిమంది. అందరూ తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని ఉన్నారు. ఎవరి నెత్తిమీదా తట్ట లేదు, కట్టెలమోపు లేదు, కుండ లేదు. అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకరు కొంగు మెలిపెడుతున్నారు, ఒకరు చేతులు వెనక కట్టుకున్నారు.

"ఏమి హనుమక్కా, యాడికి?" అన్నాను.

ఆమె సిగ్గుపడింది. అంత గట్టి గొంతు మనిషి సిగ్గుపడటం అదే మొదటిసారి చూశాను. "యాడికీ ల్యాదు సామీ. షికారుకు" అంది. మిగతావాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నేనూ వాళ్ళతో నడిచాను. మధ్యలో ఒక ఒంపు దగ్గర ఒకామె ఆగి, "ఈ రాయి నేనే పెట్టినా" అని కాలితో తట్టి చూపించింది. తర్వాత ప్రతి ఒక్కరికీ తమ రాయి కనబడసాగింది. అందువల్ల మేము గుట్ట మీదికి చేరేసరికి బాగా పొద్దు వాలింది.

పైనుంచి ఊరు కనిపిస్తుంది. బజారు, మండీల రేకులు, చెల్లాచెదురుగా మట్టి మిద్దెలు. వాళ్ళలో ఎవరూ తమ ఊరిని అంత ఎత్తునుంచి చూసినవాళ్ళు కాదు.  హనుమక్క చేయి చాచి వెతికి వెతికి, "ఆడ, ఆ చింతచెట్టు పక్కన. అదే మా ఇల్లు" అంది. తర్వాత చాలాసేపు దాన్నే చూసింది. "ఇంత బాగుంటాదని ఎవురూ చెప్పలేదే సామీ" అంది.

వంట వేళయింది. ఊళ్ళో ఒక్కో మిద్దె మీదినుంచి పొగ లేస్తోంది. ఎవరింటి పొయ్యి ఎవరు రగిలించారో, కోడలా, కూతురా, ఇంకా రగిలించనిది ఎవరో, వాళ్ళు అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయారు. పోదామని ఎవరూ అనలేదు. నేను కొంచెం ఎడంగా ఒక రాతి మీద కూర్చుని వింటూ ఉండిపోయాను.